పగవాడి పాఠం

నవంబరులో ఆఖరి ఆట. పక్క ఊరు బెల్‌ఫోర్డ్ వాళ్ళ చేతిలో హార్లిన్ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చిత్తుగా ఓడింది. ఓడిపోవడం కొత్తేమీ కాదు, ఓడిన తీరే ఊరికి మింగుడుపడలేదు. బెల్‌ఫోర్డ్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే కుర్రాడు, దాన్ని చేత పట్టుకుని, సంతలో కూరగాయలు ఏరుకునేవాడిలా అటూ ఇటూ తీరిగ్గా చూసి, నచ్చినవాడికి విసిరాడు. ఆట అయ్యేసరికి వాడి చొక్కాకి మట్టి మరక కూడా లేదు.

వాడి ముందు అడ్డుగోడలా నిలబడ్డవాళ్ళను చీల్చుకుని వెళ్ళి, బంతి విసిరేలోపు వాణ్ణి పడగొట్టడం ముందువరుస కుర్రాళ్ళ పని. వాళ్ళ కోచ్ వెర్లిన్ టాకెట్. కనుక తిట్లన్నీ అతని వాటాకే వచ్చాయి.

మర్నాడు కాఫీకి వెళితే హోటలు నడిపే ఐవా కప్పు ఠక్కున పెట్టింది. "ఆ పిల్లాడికో కుర్చీ కూడా వేయాల్సింది వెర్లిన్. అంతసేపు నిలబడి కాళ్ళు పీకి ఉంటాయి పాపం."

హోటలంతా గొల్లున నవ్వింది. వెర్లిన్ కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే పెద్ద కోచ్ రాన్సమ్ పిలిచి, "వచ్చే ఏడాదీ ఇదే తంతయితే నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు. కూర్చోమని కూడా అనలేదు.

వెర్లిన్ బతుకుతెరువు వేరు. చలికాలమంతా కౌంటీ బండి మీద రోడ్ల మంచు తోస్తాడు, ఎండాకాలం గుంతలు పూడుస్తాడు. కోచ్ పని మాత్రం అతని ప్రాణం. ఎడమ కాలు ఈడ్చి నడుస్తాడు. పదిహేడో ఏట హార్లిన్ తరఫున ఆడుతుంటే, బెల్‌ఫోర్డ్ కుర్రాడొకడు వంగి అతని మోకాలి మీదికి దూకాడు. ఎముక విరిగిన చప్పుడు పైమెట్ల మీద కూర్చున్నవాళ్ళకూ వినిపించిందంటారు. కాలేజీలో ఆడాలనుకున్న ఆశ అక్కడితో సరి. ఆ దూకినవాడు బర్ల్ స్ట్రౌడ్. తర్వాత బెల్‌ఫోర్డ్ అడ్డుగోడకు వాడే కోచ్ అయ్యాడు. ఏటా మైదానానికి ఆ చివర వాడు, ఈ చివర వెర్లిన్. ఒక్కసారీ పలకరింపు లేదు.

ఆ చలికాలం వెర్లిన్ కుర్రాళ్ళ చేత గొడ్లలా బరువులు ఎత్తించాడు. మంచులో ట్రాక్టరు టైర్లు లాగించాడు. మెడలు లావెక్కాయి, చొక్కాలు చినిగాయి. వసంతంలో జట్టును రెండుగా చీల్చి ఆడించి చూస్తే మళ్ళీ పాత కథే. అందరికంటే బలవంతుడు ఓటిస్ ప్రూయిట్ కూడా నేరుగా వెళ్ళి ఎదుటివాడి ఛాతీని గుద్దుకుని అక్కడే అతుక్కుపోయాడు.

ఇంటికొచ్చి బీన్స్ గిన్నె ముందు ముఖం మాడ్చుకు కూర్చుంటే భార్య నడీన్ అంది: "ఆపడం ఎలాగో తెలిసినవాణ్ణే అడుగు. బర్ల్‌ని వాళ్ళు పీకేశారట కదా."

"వాడి పేరు నా ఇంట్లో ఎత్తకు."

"ఇల్లు నాది కూడా. ఎత్తుతాను."

బెల్‌ఫోర్డ్ వాళ్ళు బర్ల్‌ను నిజంగానే తీసేశారు, స్కూళ్ళ పెద్దాయన మేనల్లుడికి ఆ చోటు కావలసి వచ్చి. వారం రోజులు నడీన్‌తో మాట్లాడకుండా గడిపి, చివరికి వెర్లిన్ వంతెన దాటి బర్ల్ టైర్ల కొట్టుకు వెళ్ళాడు.

బర్ల్ తలెత్తి చూసి, చేతిలో పని ఆపలేదు. "మోకాలెలా ఉంది?"

"నువ్వు వదిలిన చోటే ఉంది."

"టైరు మార్చాలా?"

"మావాళ్ళకి పని నేర్పాలి."

బర్ల్ పడీపడీ నవ్వాడు. "దేవుడున్నాడ్రా! వెర్లిన్ టాకెట్ నా గుమ్మంలో!" నవ్వు ఆగాక కళ్ళు చిన్నవి చేశాడు. "వస్తా. నీ మీద జాలితో కాదు. ఆ మేనల్లుడు ఏడుస్తుంటే చూడాలి, అంతే."

"నీ జాలి ఎవడిక్కావాలి?" అని వెర్లిన్ వచ్చేశాడు.

వేసవి మొదలైంది. బర్ల్ ఇనుప ముక్కు బూట్లతోనే మైదానంలోకి దిగి కుర్రాళ్ళకు ఎదురు నిలిచేవాడు. బొర్ర పెరిగినా ఒక్కణ్ణీ దాటనిచ్చేవాడు కాదు.

"ఎటు రావాలనుకుంటున్నావో నీ కళ్ళే చెప్పేస్తున్నాయిరా సన్నాసీ! నా ఛాతీతో నీకేం పని? నా చేతుల్ని కొట్టు. చేతులు పోతే నేను ఉత్త తలుపుని, తోసుకుని పో. నా బరువు బయటి కాలి మీద పడిందా, లోపలి నుంచి దూరు. మొదటి ఎత్తు పారకపోతే అక్కడే నిలబడి ఏడవకు, రెండోది వెయ్యి!"

మాట సూటిగా ఉండేది, నోరు మాత్రం మురుగు కాలువ. వెర్లిన్ పక్కనే నిలబడి పళ్ళు కొరికేవాడు. కుర్రాళ్ళ కాళ్ళలో చురుకు వస్తుంటే ఒకవైపు సంతోషం. అది వాడి నోటి నుంచి వస్తుంటే కడుపు మంట.

జూలైలో ఒకరోజు ఓటిస్ బర్ల్ చేతులు విదిలించి రెండుసార్లు దాటిపోయాడు. మూడోసారి బర్ల్ చెప్పాపెట్టకుండా వంగి వాడి మోకాళ్ళ మీదికి దూకాడు. ఓటిస్ మొదలు నరికిన చెట్టులా కూలాడు.

వెర్లిన్ కాలీడ్చుకుంటూ పరుగెత్తి బర్ల్ కాలరు పట్టుకున్నాడు. "ఒకణ్ణి కుంటివాణ్ణి చేసింది చాల్లేదురా నీకు?"

"గెలుస్తున్నవాణ్ణి కాళ్ళ దగ్గరే కొడతారు. నువ్వు చూసుకోలేదు, పోయావు. వీడైనా చూసుకోవద్దూ?"

"ఒక్కసారైనా పొరపాటైందని అన్నావా?"

"పొరపాటెలా అవుతుంది? ఆ రోజు మేం గెలిచాం. మళ్ళీ అదే ఆటైతే మళ్ళీ దూకుతా."

వెర్లిన్ పిడికిలి లేచింది. ఓటిస్ మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. దెబ్బేమీ తగల్లేదు. "కోచ్, ముందు దీన్నుంచి తప్పించుకునేదెలాగో చెప్పించండి. కొట్టుకోవడం తర్వాత."

బర్ల్ వెర్లిన్ చేయి విదిలించుకున్నాడు. "మీ కోచే చూపిస్తాడు. నిలబడు వెర్లిన్. నేను వంగిన క్షణంలో రెండు చేతులూ నా భుజాల మీద వేసి నేలకు నొక్కు. కాళ్ళు వెనక్కి. భయమైతే ఇంటికి పో."

వెర్లిన్ నిలబడ్డాడు. బర్ల్ నిజంగానే దూకాడు, సగం మనసుతో కాదు. వెర్లిన్ కాళ్ళు వెనక్కి విసిరి, ఉన్న బరువంతా చేతుల్లో వేసి వాణ్ణి నేలకు దిగనొక్కాడు. బర్ల్ ముఖం గడ్డిలో కూరుకుపోయింది. వెర్లిన్ వెంటనే చేతులు తీయలేదు. తీయాలనిపించలేదు.

చివరికి వదిలాడు. బర్ల్ గడ్డి ఉమ్మేస్తూ లేచి, "చూశారా? అదీ పద్ధతి" అన్నాడు. "మళ్ళీ."

ఆ మధ్యాహ్నమంతా మళ్ళీ మళ్ళీ చేశారు. ఒక్కసారి కూడా వెర్లిన్ చేతులు మెత్తబడలేదు.

అక్టోబరులో బెల్‌ఫోర్డ్ మీద ఆట వచ్చింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్‌కు ఊపిరి పీల్చుకునే సందు దొరకలేదు. ఓటిస్ మోకాళ్ళ మీదికి ఒకడు దూకితే, ఓటిస్ వాణ్ణి నేలకు నొక్కి, మీదుగా దాటివెళ్ళి బంతి విసిరేవాణ్ణి పడగొట్టాడు. హార్లిన్ గెలిచింది. కంచె బయట హార్లిన్ వైపు నిలబడ్డ బర్ల్, తన చోట్లోకి వచ్చిన ఆ మేనల్లుడి ముఖాన్నే తనివితీరా చూశాడు. ఎవరో బెల్‌ఫోర్డ్ వాడు అతని మీద కోలా పోసి "ద్రోహీ" అన్నా తుడుచుకోలేదు.

పత్రికవాడు వస్తే రాన్సమ్ ఘనతంతా తన ఖాతాలోనే వేసుకోబోయాడు. వెర్లిన్ అడ్డొచ్చాడు. "రాసుకో. ఇదంతా నేర్పింది బర్ల్ స్ట్రౌడ్. నాకు వాడంటే అసహ్యం, అదీ రాసుకో."

రెండూ అచ్చయ్యాయి. వారం తిరక్కుండానే బర్ల్ పికప్ బండి వెర్లిన్ ఇంటి ముందు కీచుమంటూ ఆగింది.

"మా ఊళ్ళో ఒక్కడూ కొట్టుకి రావడం లేదు! కంచె దగ్గర నిలబడితే, ఆ కోలా పోసినవాడు తప్ప అందరూ ఆట చూడ్డానికొచ్చాననుకున్నారు. నేర్పింది నేనేనని పేపర్లో ఎక్కించింది నువ్వు. కావాలనే చేశావు కదరా?"

వెర్లిన్ గుమ్మంలోంచి కదల్లేదు. కావాలనే చేశాడా? న్యాయం కోసమే చెప్పాననుకున్నాడు ఆ రోజు. ఇప్పుడు బర్ల్ ముఖం ఎర్రగా కందిపోయి ఉంటే చూడటానికి బాగానే ఉంది. ఏది నిజమో అతనికే తేలలేదు.

"ఉన్నమాటే చెప్పాను" అన్నాడు, తలుపు వేసేశాడు.

లోపల నడీన్ కాఫీ వంచుతోంది. "లోపలికి రమ్మనకపోయావా?"

"చస్తే రమ్మనను" అని వెర్లిన్ కిటికీ దగ్గరికి వెళ్ళి, బండి వెళ్ళిపోయిందో లేదో చూశాడు. అది ఇంకా అక్కడే ఉంది. బర్ల్ దిగి, ఇంటి వైపు తిరిగి, నోటికొచ్చినట్టు తిడుతున్నాడు.