పండుకున్నోళ్ల పగవాడు

రుద్రంగి లచ్చయ్య నిలబడ్డ మనిషిని పల్లెత్తు మాట అనడు. పడుకున్న మనిషిని మాత్రం వదిలిపెట్టడు.

ఎదురుగా కుక్క వస్తే పక్కకి తప్పుకుని దారిచ్చే మనిషి. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమించమని అడిగే రకం. అదే మనిషికి మంచం మీద ఎవరైనా వెల్లకిలా కనిపించారా, భుజం మీది కండువా తీసి నడుముకి చుట్టేస్తాడు. ఇక మొదలు. జ్వరమా, కాలు విరిగిందా, ఆపరేషనా అన్న తేడా లేదు. జగిత్యాల ఆసుపత్రిలో చుట్టాన్ని చూడబోతే, ఆ వరుసలో పడుకున్న రోగులందరూ ముందు జాగ్రత్తగా లేచి కూర్చునేవారు. ఆయన భార్య దేవవ్వ ఏళ్ల తరబడి మధ్యాహ్నం కునుకు గోడకి ఆనుకునే తీస్తోంది.

ఆ తిట్లలో ఇంకో విడ్డూరముంది. ఒక్కటంటే ఒక్కటి నిజం కాదు. వాకిట్లోకొచ్చిన మనిషికి చాయ్ పోయకుండా పంపని బుచ్చవ్వ పక్షవాతంతో మంచాన పడితే, చూడబోయి, "పిసినారి ముసల్దానా, పుట్టి బుద్ధెరిగి ఎవ్వలికన్న గుక్కెడు చాయ్ పోసినవా" అన్నాడు. బుచ్చవ్వ కోడలు చీపురు పట్టుకుని వీధి చివరిదాకా సాగనంపింది.

ఇలాంటి మనిషికి జంటగా పడింది కోరుట్ల కహకషాన్.

సైకిల్ షాపు మహమూద్ కూతురు. ఈత పోటీల్లో గెలిచిన పిల్ల కాబట్టి నీళ్లలో మునిగిన వాళ్లని తీసే బృందంలో చేరింది. ఒకప్పుడు తాటిచెట్లెక్కిన లచ్చయ్య, చెట్టు మీంచి పడ్డాక పడవ నడిపి బతుకుతూ అదే బృందంలోకి వచ్చాడు. శిక్షణ మిడ్‌మానేరు నీళ్లలో. అడుగున మునిగిన ఊళ్లున్న జలాశయమది. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు గట్టు మీద నిలబడి, వీళ్లు మునగడం, తేలడం చూసేవారు. తాము మునిగినప్పుడు ఎవరూ ఇంత శ్రద్ధగా తీయలేదని వాళ్ల ముఖాల్లో కనిపించేది.

శిక్షణ ఇచ్చే శ్రీహరి సార్ అన్నిటికన్నా ఎక్కువ చేయించింది ఒక్క పనే. సిలిండర్ వీపున కట్టుకుని లోపలికి దిగినవాడు స్పృహ తప్పి పైకొచ్చాడనుకోండి. ఆ బరువుతో పడవలోకి ఎత్తలేరు. నీళ్లలోనే ఛాతీ పట్టీ, నడుము పట్టీ, భుజాల పట్టీలు విప్పి జాకెట్‌తో సహా సిలిండర్‌ని ఊడదీయాలి. చిక్కేమిటంటే అతని ముఖం మునగకూడదు, మధ్యమధ్య నోటికి మాస్కు పెట్టి ఊపిరి ఊదుతూనే ఉండాలి. ఒక ఊపిరి, ఒక పట్టీ. మళ్లీ ఊపిరి, మళ్లీ పట్టీ.

ఊపిరి ఆలస్యం కాకుండా అందరూ అంకెలు లెక్కపెట్టేవారు. పట్టీ మీద మనసు పెడితే అంకె తప్పేది, అంకె మీద పెడితే పట్టీ బిగుసుకునేది. లచ్చయ్య లెక్కపెట్టడు. తిడతాడు. ఒక తిట్టు అయ్యేలోగా ఒక పట్టీ ఊడేది.

మొదటి రోజు స్పృహ తప్పినట్టు పడుకునే వంతు కహకషాన్‌ది. కళ్లు మూసుకుని తేలుతోంది.

"కాపీ కొట్టి పాసైనవ్, సిగ్గున్నదా" అని చెవి పక్కన వినిపించింది. ఛాతీ పట్టీ ఊడింది. మాస్కులోంచి ఊపిరి.

"మీ నాయినకు ఎన్నడన్న ఇంత బువ్వ పెట్టినవా." నడుము పట్టీ. ఊపిరి.

బళ్లో ఎప్పుడూ మొదటి ర్యాంకు ఆమెదే. తల్లి పోయినప్పట్నుంచి తండ్రికి వండిపెడుతున్నదీ ఆమే. పళ్లు బిగబట్టి పడుకుంది గానీ, గట్టెక్కాక టెంటు వెనక్కి వెళ్లి ఏడ్చింది. లచ్చయ్య చాయ్ గ్లాసుతో వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు.

"సల్లగైతది, తాగు బిడ్డా" అన్నాడు, వినీ వినపడకుండా.

ఆమె తాగలేదు.

ఆ తర్వాత వానల్లో నిజంగానే ఒక కుర్రాణ్ణి తీయాల్సి వచ్చింది. సిరిసిల్ల మరమగ్గాల వాడ నుంచి వినోద్ అనే అబ్బాయి స్నేహితులతో ఈతకొచ్చి మునిగాడు. లచ్చయ్య తీశాడు. పడవలో తిట్టాడు, అంబులెన్సులో తిట్టాడు, దొంగ అన్నాడు. ఒకరి వస్తువు ముట్టని పిల్లవాడని వాడంతా ఎరుగును. తల్లి ఆ మాట చెవులారా విన్నది. వినోద్ బతకలేదు. శవాన్ని కూడా తిట్టే మనుషుల్ని పెట్టుకున్నారా అని వాళ్లు పై అధికారులకి చెప్పుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు.

శ్రీహరి సార్ లచ్చయ్యని పిలిచి, ఆఖరి పరీక్షలో నోట్లోంచి ఒక్క తిట్టు వచ్చినా బృందంలోంచి తీసేస్తానని చెప్పాడు. పరీక్ష జంటకి. ఒకరు పోతే ఇద్దరూ ఇంటికే.

"ధైర్యమొచ్చేటట్టు నాలుగు మంచి మాటలు చెప్పు" అని సలహా కూడా ఇచ్చాడు.

పరీక్ష రోజు కహకషాన్ నీళ్ల మీద పడుకుంది. లచ్చయ్య ఆమె తలని చేతిమీదికి తీసుకున్నాడు.

"బిడ్డా, నువ్వు బంగారమసొంటి..." అని ఆగిపోయాడు.

ఊపిరి రాలేదు, పట్టీ ఊడలేదు. కహకషాన్ నియమం తప్పి ఒక కన్ను తెరిచి చూసింది. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఇరవైమందిని ఏకధాటిగా తిట్టగల మనిషి ఒక్క మంచి మాట పూర్తి చేయలేక చెమటలు కక్కుతున్నాడు, అదీ నీళ్లలో.

గట్టు మీది నుంచి శ్రీహరి సార్ విజిల్ వేశాడు. ఇద్దరూ తప్పారు.

బతిమాలే అలవాటు లేని కహకషాన్ ఆ రోజు బతిమాలింది. ఇంకొక్క అవకాశం ఇమ్మంది. శ్రీహరి సార్ విసుక్కుని, ఈసారి తనే పడుకుంటానన్నాడు. అధికారిని తిట్టే ధైర్యం ఎవరికుంటుందని ఆయన ధీమా. సిలిండర్ కట్టుకుని మునిగి, ఒళ్లు వదిలేసి పైకి తేలాడు.

పై అధికారే కావచ్చు, పడుకుని ఉన్నాడు. లచ్చయ్య తట్టుకోలేకపోయాడు.

"ఈత రానోడివి గీ పట్టీలెందుకు కట్టుకున్నవ్‌రా." ఛాతీ పట్టీ. ఊపిరి.

"దొంగ సర్టిపికెటు పెట్టి నౌకరి కొట్టినవ్." నడుము పట్టీ. ఊపిరి. శ్రీహరి సార్ దవడలు బిగుసుకున్నాయి.

"బీర్పూర్ వరదల పడవ మీద కూసోని సూసుకుంట మందిని ముంచినవ్." రెండు భుజాల పట్టీలూ ఊడి, సిలిండర్ పక్కకి తేలిపోయింది.

స్పృహ లేని మనిషి కళ్లు తెరిచాడు. "ముంచిన్నా? ఎవడు చెప్పిండ్రా నీకు? నడుములోతు బురదల దిగి ఇద్దర్ని తీసిన" అంటూ సగం మానేరు మింగేశాడు.

పడవలోకి లాగాక కూడా ఆయన దగ్గుతూనే అరుస్తున్నాడు. గట్టు చేరి లేచి నిలబడ్డాడు. దాంతో లచ్చయ్య తల వాలిపోయింది.

"ఇద్దర్ని తీసిండ్రని నాకెరుకే సార్."

"ఎరుకైతే మరి అట్లెందుకన్నవ్?"

లచ్చయ్య గొంతు ఎంత చిన్నగా ఉందంటే, వినడానికి అందరూ ముందుకి వంగాల్సి వచ్చింది. నడుముకి కట్టుకున్న మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డప్పుడు ఆసుపత్రిలో కొన్నాళ్లు కళ్లు తెరవలేదట. చెవులు మాత్రం పనిచేశాయి. పొలం గట్టు తగాదాతో పుట్టెడు శాపనార్థాలు పెట్టిన అన్న ఎల్లన్న వచ్చి, అసొంటి మనిషి మళ్ల దొరకడన్నాడు. ఏనాడూ పలకరించనివాళ్లు వరసగా వచ్చి దేవుడసొంటోడన్నారు.

"మన దిక్కు బతికున్నోన్ని గట్లెవ్వలంటరు సార్? నేను పోయిన్నే అనుకున్న. మంచిగనే అనిపిచ్చింది. గీ మాటలు ఇనుకుంట ఆణ్ణే ఉందామనుకున్న."

అప్పుడు దేవవ్వ వచ్చిందట. ఇంటికి రేకులు వేయకుండా మోసం చేసి పోతున్నావు, వానకి తడిసి చావమంటావా అని తిట్టిందట. ఆ రేకులు చెట్టు మీంచి పడడానికి ముందు వారమే ఆయన తన చేత్తో వేశాడు. అంత పచ్చి అబద్ధం సహించలేక నోరు తెరిచి, "ఏసిన గదనే" అన్నాడు.

"నిజం తిడితే సిగ్గుపడి ఇంకింత లోపలికి పోతరు సార్. అబద్ధం తిడితే జవాబు చెప్పనీకి అస్తరు."

కహకషాన్‌కి అప్పుడు రెండు సంగతులు గుర్తొచ్చాయి. చీపురు దెబ్బ తప్పించుకున్న వారం తర్వాత బుచ్చవ్వ కబురు పెట్టి మరీ లచ్చయ్యకి వంకర చేత్తో చాయ్ పోసిందని బృందంలో చెప్పుకోగా విన్నది ఒకటి. రెండోది వినోద్ సంగతి. ఆసుపత్రి మెట్ల దగ్గర డాక్టరు తల అడ్డంగా ఊపినప్పుడు, అంతవరకూ తిడుతున్న లచ్చయ్య ఆగిపోయాడు. కుర్రాడి నుదుటి మీది జుట్టు సరిచేసి, "మంచి పిలగాడు" అన్నాడు. ఆయన చేతులెత్తేయడం ఆమె చూసింది అదొక్కసారే. ఆ సంగతి ఆమె శ్రీహరి సార్‌కి చెప్పింది.

సార్ తువ్వాలుతో చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, పడుకున్నవాడు లేచాడు కాబట్టి జంట గెలిచినట్టేనని గొణిగాడు. తల్లిదండ్రులు దగ్గరుంటే మాత్రం తిట్లు చెవిలో తిట్టాలని షరతు పెట్టాడు. మర్నాడు లచ్చయ్యని వెంటబెట్టుకుని వినోద్ ఇంటికి వెళ్లొచ్చాడు. ఆ తల్లి ఏమందో ఇద్దరూ చెప్పలేదు.

ఏడాది తిరక్కుండానే శ్రీహరి సార్‌కి బదిలీ అయింది. వీడ్కోలు సభలో దండ వేశారు. ఏడాదంతా ఆయన్ని చాటున తిట్టుకున్న వాళ్లు ఒక్కొక్కరూ మైకు పట్టుకుని అలాంటి మనిషి మళ్లీ దొరకడన్నారు, దేవుడన్నారు. ఆయనకి చెమటలు పోయడం కహకషాన్ చూసింది. ఆయన వేదిక దిగి, వెనక వరసలో ఉన్న లచ్చయ్య దగ్గరికి గబగబా వచ్చాడు.

"లచ్చయ్యా, భయమైతాంది. ఒక్క తిట్టు తిట్టు."

లచ్చయ్య చేతులు కట్టుకున్నాడు. "నిలబడి ఉన్నరు గద సార్. నోరు రాదు."

శ్రీహరి సార్ అటూ ఇటూ చూశాడు. కహకషాన్ నాలుగు కుర్చీలు వరసగా జరిపింది. ఆయన దండతో సహా వాటి మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

లచ్చయ్య భుజం మీది కండువా తీసి నడుముకి చుట్టాడు.