పద్నాలుగు ఎర్రగడ్డలు

ఆ మధ్యాహ్నం పులుసన్నం తిని ఇరవై నిమిషాలు కాలేదు, నోట్లో ఊరికే నీళ్ళూరాయి. చీకటి పడేలోగా పదకొండు వాంతులు. లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. బడికి పోయింది మూడేళ్ళే, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను.

మాది కడప జిల్లా. అప్పుడు కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఒక ఇంట్లో తోటపని చేసేవాణ్ణి. ఇరాక్ సైన్యం వచ్చేనాటికి ఇంటివాళ్ళు వేసవికని లండన్‌లో ఉన్నారు. మా పాస్‌పోర్టులు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ బీరువాలో, దాని తాళంచెవి ఆయన జేబులో. ఇంట్లో మిగిలింది నేనూ, వంటచేసే సత్యవతక్కా. ఆమెది కోనసీమ.

యజమానురాలిని మామా అంటాం. నాలుగేళ్ళ కిందట ఆమె లండన్ నుంచి డాఫొడిల్ పూల విత్తనాలు తెచ్చింది. పూలగడ్డ నాటితే ఆ చలికాలమే పూస్తుంది, విత్తనం నుంచైతే ఐదేళ్ళు. మామాకు విత్తనం నుంచే కావాలి. నూట ఇరవై వేస్తే డెబ్బై మూడు మొలిచాయి. ఏటా ఎండలు ముదరకముందే గడ్డలు తవ్వి ఆరబెట్టి, చల్లబడ్డాక మళ్ళీ కుండీల్లో పెట్టాలి. నాలుగో వేసవికి నలభై ఒకటి మిగిలాయి, ఒక్కొక్కటి సాంబారు ఉల్లిపాయంత. వచ్చే చలికాలం పూత. ఉల్లిపాయను మా వైపు ఎర్రగడ్డ అంటాం. విత్తనపు ఎర్రగడ్డల్ని వంటింట్లో గాలికి వేలాడదీస్తాం. వీటినీ అట్లే వలసంచిలో పోసి వంటింట్లో కట్టాను. నేను చేసిన తప్పు అదే.

కూరగాయలు దొరకడం మానేశాయి. బుట్టలో పద్నాలుగు ఎర్రగడ్డలున్నాయి. రోజుకొకటే అని కట్టడి పెట్టాను.

"ఉల్లిపాయలకి కూడా కాపలానా తమ్ముడూ? రేపు మెతుకులు లెక్కెట్టి వడ్డించమంటావేటి?" అంది అక్క.

ఆ రోజే ఆ పులుసు. "చేదుగా ఉండాయే అక్కా" అంటే, "చింతపండు పాతదిలే, తిను" అని తన కంచంలోని పాయలు కూడా నాకే వేసింది. ఆమెకు రెండు వాంతులతో తగ్గింది.

దారి పొడవునా సైనికుల తనిఖీలని భయపడి రెండు రోజులు ఇంట్లోనే పడున్నాను. మూడో రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా మూత్రం అర టీగ్లాసు కూడా రాలేదు. గోడ పట్టుకుని వంటింట్లోకి పోతే బుట్ట కనబడింది. ఎర్రగడ్డలు పద్నాలుగూ అట్లే ఉన్నాయి.

"అక్కా, పులుసులో ఏం వేసినావు?"

"నీ బుట్ట ముట్టుకోలేదు తమ్ముడూ. పైన సంచిలో చిన్నవి దాచావుగా, అవేశాను. అవి నీ లెక్కలోవి కావనుకున్నా."

నా లెక్కకు జడిసి ఆ సంచిలో చెయ్యి పెట్టింది. సంచిలో ముప్పై రెండున్నాయి. తొమ్మిది పులుసులోకి పోయాయి. ఒకటి జేబులో వేసుకుని, పక్కింటి డ్రైవర్‌ను బతిమాలి ఆసుపత్రికి పోయాను.

డాక్టరు మన దేశం ఆయనే. "ఫుడ్ పాయిజనింగ్, ఇన్‌ఫెక్షన్. ఇప్పుడు అందరికీ ఇదే" అని జెంటామైసిన్ ఇంజెక్షన్ రాయబోయాడు. నేను గడ్డ బల్లమీద పెట్టి, మూత్రం రాని సంగతితో సహా జరిగింది చెప్పాను. కోసి వాసన చూశాడు, కలం పక్కన పెట్టాడు.

"ఇది ఉల్లిపాయ కాదు. దీని విషం వండినా పోదు. వాంతులకు ఒంట్లో నీళ్ళన్నీ పోయి నీ కిడ్నీలు ఆగాయి. ఈ ఇంజెక్షన్ ఇచ్చుంటే వాటిని నేనే చంపేవాణ్ణి."

రక్తపరీక్షలో, ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ 8.2 వచ్చింది. అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్ అన్నారు. రెండుసార్లు డయాలసిస్ చేశారు. మూడోసారికి, "కిట్లు అయిపోయాయి. ఇక నీ కిడ్నీలే పనిచెయ్యాలి" అన్నాడు డాక్టరు. కొలగీతలున్న సీసా అడిగి తీసుకుని నా మూత్రం నేనే కొలుచుకున్నాను. మొదటి రోజు తొంభై మిల్లీలీటర్లు. మరునాడు నూట నలభై. తర్వాత జ్వరమొచ్చి అరవైకి పడింది. ఆ రోజు అక్క మంచం పక్కన కూర్చుని నుదుటికి తడిగుడ్డలు వేసింది. తొమ్మిదో రోజు ఆరువందలు దాటింది.

పాస్‌పోర్టులకు బదులు ఎంబసీ ఇచ్చిన కాగితాలతో బస్సుల్లో జోర్డాన్ చేరి, అక్కణ్ణుంచి ఊరికి వచ్చాం. యుద్ధం ముగిశాక, వేరే దిక్కులేక మళ్ళీ ఆ ఇంటికే పోయాను. సంచి అక్కడే వేలాడుతోంది. మామా దాన్ని దించి, ఎండి డొల్లలైన గడ్డల్ని ఒళ్ళో పోసుకుని లెక్కపెట్టింది.

"పది తక్కువున్నాయే?"

"తొమ్మిది మేం తిన్నాం మామా. ఒకటి డాక్టరుకిచ్చినాను." అంతా చెప్పాను.

ఆమె నా మొహం వైపు చూడలేదు. "ఐదో ఏడు పూసేవి. ఎంత కష్టం!" అంది. ఆ కష్టం ఎవరిదో అనలేదు. మరుసటి వారం కొత్త విత్తనాల పొట్లం నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నా క్రియాటినిన్ 1.9, అంతకు కిందికి రాదన్నారు. ఉప్పు తగ్గించాను. నీళ్ళు రోజుకు రెండున్నర లీటర్లు, కొలిచి తాగుతాను. కొత్త మొలకలకు ఇది మూడో ఏడు. గడ్డలు ఇప్పుడు వంటింట్లో ఉండవు, కారు షెడ్డులో తాళం వేసిన పెట్టెలో ఉంటాయి.

చదివేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. ఏదైనా తిని జబ్బుపడితే, తిన్నదాంట్లో మిగిలింది చేత పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. నేను పట్టుకుపోయిన గడ్డ మామా లెక్కలో ఇప్పటికీ తక్కువే. నేను బతికింది దానివల్లే.