తాళానికి నమస్కారం

మా కండక్టర్ కాక తాళాలతో మాట్లాడతాడు. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో మీరు ఉలిక్కిపడకూడదని. తాళమంటే తలుపుకు వేసే తాళమే. ఇత్తడిదైనా ఇనుముదైనా, ఇంటిదైనా షట్టర్‌దైనా, ఎదురైతే చాలు, చేతులు జోడించి "నమస్తే, అంత మంచిదేనా?" అని మొదలుపెడతాడు. తీరికగా ఉంటే వానల గురించి, బస్సుల గురించి కూడా చెబుతాడు.

అసలు పేరు వెంకట్రాములు. మెదక్ నుంచి చేగుంటకు తిరిగే బస్సులో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన బస్సులో గంట సరిగ్గా మోగేది కాదు. అందుకని చేత్తో బస్సు రేకు మీద కొట్టేవాడు. ఒక్కటి కొడితే ఆగు. రెండు కొడితే రైట్ రైట్. మా వార్డులో పాతికేళ్లు దాటిన ప్రతివాడూ ఆ చప్పుడు వింటూ పెరిగినవాడే.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీ మానేసినప్పుడు ఊరంతా ఎందుకు మానేశావని అడిగింది. కాక మాత్రం వేరే ప్రశ్న అడిగాడు.

"మరి పొద్దుగాల ఏం జేస్తున్నవ్ రా రాకేషూ?"

"పంటున్న కాకా."

"మంచిదే. దానికి అటెండెన్స్ గూడ అక్కరలేదు."

అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. అలాంటి మనిషికి నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా.

తాళాల అలవాటు రిటైరయ్యాక మొదలైంది. ఇల్లు తాళం వేసి, "పోయొస్తం, జర సూస్కో" అని తాళానికి చెప్పి గాని బయల్దేరడు. ఆయన భార్య నిర్మలమ్మ చిన్నమ్మ మెట్ల మీద నిలబడి తల పట్టుకునేది.

"నాతోని ముప్పయ్యేండ్లల్ల మాట్లాడిందంత కలిపినా, గా తాళంతోని మాట్లాడిన దాంట్ల సగం గాదు. నేను గూడ మెడల ఒక తాళం ఏసుకుంటే నా దిక్కు సూస్తడేమో!"

"నువ్వు మధ్యల అడ్డం మాట్లాడ్తవ్. అది మాట్లాడది," అనేవాడు కాక.

మొన్నటి మున్సిపల్ ఎన్నికల్లో ఈ మనిషి మా వార్డు నుంచి ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. గుర్తు ఈల. హామీ ఒక్కటే. మా వార్డులో ఒక కమ్యూనిటీ హాలుంది. రిబ్బను కత్తిరించిన రోజు తెరిచారు, ఫొటోలు దిగారు, తాళం వేశారు. నాలుగేళ్లయింది. దాని తాళం తీయిస్తానన్నాడు.

"మరి రోడ్లు కాకా?" అని అడిగారు.

"అవి తెరిచే ఉన్నయ్ గదా."

"హాలు తెరిచి ఏం జేస్తరు?"

"పగటిపూట కూసునేతందుకు. కొంతమందికి పగలు కూసుండ జాగ లేదు."

మేం పత్తాలాట, అదే పేకాట గురించి అనుకున్నాం. కాకకు ఆట కూడా రాదు, మరి ఈ పట్టుదల ఎందుకో అని నవ్వుకున్నాం.

ఇంటింటికీ తిరిగేటప్పుడు అసలు వినోదం మొదలైంది. తాళం వేసిన ఇల్లు కనబడితే మిగతా అభ్యర్థులు గేటుకు ఒక కరపత్రం గుచ్చి ముందుకుపోతారు. కాక ఆగుతాడు. నమస్కారం పెడతాడు. మొత్తం చెబుతాడు. ఆయన వెంట తిరిగే రిటైర్డ్ డ్రైవర్ మదన్ మోహన్ గడియారం చూసుకుంటూ పరేషాన్ అయ్యేవాడు.

"వెంకట్రాములూ, ఇంటికి తాళమున్నది."

"కనవడ్తున్నది."

"తాళానికి ఓటు లేదు."

"ఓటున్నోళ్లు ఎంతమంది మన మాట ఇంటున్నరు?"

ఎదుటి అభ్యర్థి శ్రీకాంతన్న. ప్లాట్ల వ్యాపారం. నేను తీసే రీల్స్ చూసి ప్రచారం పనికి పిలిచాడు. ఇంట్లో ఖాళీగా ఉండి ఉండి ఒళ్లు జిలపెడుతున్న రోజులవి, ఎగురుకుంటూ పోయాను. ఆయన నాకు కొత్త ఫోను ఇచ్చాడు. నేను ఆయనకు వెంకట్రాములు కాకను ఇచ్చాను.

ఒక రోజు పదకొండు గంటలప్పుడు కాక ఒంటరిగా మా వెనక గల్లీలోకి పోతుంటే వెంట వెళ్లాను. నీలం రంగు తలుపు, దానికో పెద్ద తాళం. కాక దాని ముందు అరుగు మీద కూర్చుని ఏడు నిమిషాలు మాట్లాడాడు. చేతులు తిప్పాడు, నవ్వాడు, మధ్యమధ్య ఆగి తల ఊపాడు. గల్లీ చివర నుంచి జూమ్ చేసి మొత్తం తీశాను. చివర్లో మాట మధ్యలోనే టక్కున ఆపేసి, దండం పెట్టి లేచిపోయాడు.

ఇంటికొచ్చి అసలు చప్పుడు తీసేసి తీన్మార్ బ్యాండు పెట్టాను. కాక చేతులు తిప్పినప్పుడల్లా డప్పు పడేట్టు కోశాను. లేచిపోయే చోట "బ్యాటరీ డౌన్" అని రాశాను. నిజం చెప్పాలంటే, నేను తీసిన వాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. అందుకే ఎక్కువ సిగ్గు.

సాయంత్రానికల్లా ప్రతి వాట్సాప్ గ్రూపులో అదే. బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో ఊరంతా డాక్టర్లయిపోయారు.

"మా మేనమామకు గిట్లనే షురువైంది. మొదలు తాళంతోని. ఆర్నెల్లకు బీరువాతోని."

"బీరువా ఏమన్నది?"

"అది బాగానే సమజాయించింది గని, ఈయన ఇనలే."

"టికెట్లు కోసీ కోసీ మెదడు అరిగింది గావొచ్చు."

"రేపు కౌన్సిల్ మీటింగుల గూసుంటే కమిషనర్‌తోని మాట్లాడ్తడా, గేటు తాళంతోనా?"

"తాళంతోనే మాట్లాడనియ్యి, అదన్న పలుకుతది."

శ్రీకాంతన్న దీన్ని మీటింగులోకి ఎత్తుకున్నాడు. మైకు పట్టుకుని చాలా బాధపడుతున్న మొహం పెట్టాడు. "పెద్దమనిషి, నాకు గౌరవమే. గని పదవి అంటే ఆషామాషీ గాదు. మానసికంగ ఫిట్టున్నడా లేడా, డాక్టర్ సర్టిఫికెట్ సూపియ్యాలె. ప్రజలకు అడిగే హక్కున్నది." చప్పట్లు. ఆ మాటలు రాసిచ్చింది నేనే.

మర్నాడు ఒక యూట్యూబ్ చానెలాయన కాక నోటి ముందు గొట్టం పెట్టాడు.

"మీకు మతి సరిగ లేదంటున్నరు, ఏమంటరు?"

"ఉండకపోవచ్చు. నాకెట్ల తెలుస్తది? మతి సరిగ లేనోనికి తెల్వదంటరు గదా."

"తాళాలతోని ఎందుకు మాట్లాడ్తున్నరు?"

"మాట్లాడబుద్దయితది."

ఆ ముక్క నా రీలు కంటే ఎక్కువ తిరిగింది. మదన్ మోహన్ కాళ్లావేళ్లా పడ్డాడు. "జర దవాఖానకు పోయి కాగితం తెస్తే అయిపోతది గదరా! నీకేం లేదని రాసిస్తరు."

"తెస్తే ఏమైతది? నాకు పిచ్చి లేదని తేలుతది. మరి గట్లయితే తాళంతోని ఎందుకు మాట్లాడ్తున్నవని అడుగుతరు. గా కాగితం వద్దు."

ఈ జవాబు హోటల్‌కు చేరగానే రోగం ముదిరిందని తీర్మానం జరిగింది. వెంట తిరిగే వాళ్లలో సగం మంది తగ్గిపోయారు. కాక మెడలో ఈల వేసుకుని తిరుగుతూనే ఉన్నాడు.

పోలింగుకు ఇంకా మూడు రోజులున్నాయి. శ్రీకాంతన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, గా వీడియోకు అసలు సౌండ్ పెట్టి ఇంకోటి ఇడువు. తాళానికి ఏం జెప్తున్నడో జనం ఇనాలె."

మధ్యాహ్నం బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండ్ పూర్తిగా పెంచి, మొదటిసారి అసలు చప్పుడు విన్నాను.

"నిన్న మ్యాచ్ ఏమైందో చెప్పాల్నా?" అంటున్నాడు కాక.

టక్ టక్.

కాక మ్యాచ్ చెప్పాడు. "చేగుంట బండికి కొత్త డ్రైవర్ వచ్చిండు. గేరేసినప్పుడల్ల బండి దగ్గుతది." టక్ టక్. "అమ్మ రెండింటికి వస్తది. డబ్బల అన్నం పెట్టింది, తిన్నవా?" చప్పుడు లేదు. "తినాలె బిడ్డా. కోడిగుడ్డు గూడ ఉన్నదట. అది తినకపోతే..."

టక్.

ఒక్కటే. కాక మాట అక్కడే ఆగింది. "సరే. రేపొస్త. నమస్తే."

నేను 'బ్యాటరీ డౌన్' అని రాసింది ఇక్కడే.

ఇయర్‌ఫోన్స్ పీకేసి పరుగెత్తాను. కాక తన ఇంటి ముందు కరపత్రాలు మడతపెడుతున్నాడు.

"కాకా, నీలం తలుపు ఎనుక ఎవరున్నరు?"

ఆయన కరపత్రాలు చంకన పెట్టుకున్నాడు. నన్ను లోపలికి తీసుకుపోయి తలుపు వేశాడు. ఇంట్లో ఉండగా ఆ మనిషి తలుపు వేయడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఉన్నది చంద్రకాంత్. హాస్టల్లో వంట చేసే శివమ్మత్త కొడుకు. చేగుంటలో మోటార్ల వైండింగ్ చేసేవాడు, రోజూ కాక బస్సులోనే పోయేవాడు. ఒక రోజు బస్సెక్కి కూర్చున్నవాడు చేగుంటలో దిగలేదు. మళ్లీ మెదక్ వచ్చాడు, మళ్లీ చేగుంట పోయాడు. అలా నాలుగు ట్రిప్పులు. ఎవరు పలకరించినా మాట లేదు. కాక అతణ్ణి టికెట్ అడగలేదు. డ్యూటీ దిగాక చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. అప్పట్నుంచి మందులు వాడుతున్నారు. ఒకసారి లారీల మధ్యలో రోడ్డు మీద నడుస్తూ దొరికాడు. శివమ్మత్త పని మానితే పొయ్యి వెలగదు. అందుకని తాళం. చుట్టుపక్కల వాళ్లకు మాత్రం కొడుకు హైదరాబాదులో పని చేస్తున్నాడని చెప్పింది.

"వాడు మనిషితోని మాట్లాడడు. రేకు కొట్టినట్టు తలుపు కొడ్తడు. అదే మస్తు," అన్నాడు కాక.

"మరి ఊర్లున్న అన్ని తాళాలతోని ఎందుకు మాట్లాడ్తున్నవ్?"

"ఒక్క తాళంతోనే మాట్లాడితే లోపల ఎవరున్నరని అడుగుతరు. అన్నిటితోని మాట్లాడితే నాకే పిచ్చి అంటరు. ఇంక గల్లీ దిక్కు ఎవ్వరు సూడరు."

హాల్లో పగలు కూర్చునే జాగా ఎవరి కోసం అడిగాడో అప్పుడు తలకెక్కింది.

"కాకా, అసలు సౌండ్ తోని పెడ్త. ఒక్క పూటల అందరి నోర్లు మూతపడ్తయ్."

"పెట్టినవంటే కాళ్లిరగ్గొడ్త."

"ఓట్లు పోతయ్!"

"ఓట్లు అయిదేండ్లకు మళ్లొస్తయ్. పిచ్చోడని పిలగానికి పేరు పడితే మళ్ల పోతదారా? నాకు పడనియ్యి. అరవై దాటినోణ్ణి, నన్ను ఎవరు పనిల పెట్టుకుంటరు ఇంక?"

"ఆ వీడియో తీసింది నేనే కాకా."

"తెల్సు. గల్లీ మూల మీద నీ ఎర్ర చెప్పులు కనవడ్డయి." మళ్లీ కరపత్రాలు అందుకున్నాడు. "డప్పు మంచిగ కొట్టిచ్చినవ్."

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే వీడియో తీసేశాను. అప్పటికే వందల ఫోన్లలో ఉంది, తీసి లాభం లేదు. శ్రీకాంతన్నకు ఆడియో పోయిందని అబద్ధం చెప్పి, ఫోను ఆయన ఆఫీసు టేబుల్ మీద పెట్టి వచ్చాను. ఆ ఎన్నికల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే, అదీ అబద్ధమే.

లెక్కింపు రోజు బ్యాలెట్ పెట్టెలున్న గది ముందు కాక ఆగి, తాళానికి దండం పెట్టాడు. "నమస్తే, బాగ సూస్కున్నరు." కానిస్టేబుల్ తుపాకీ సర్దుకున్నాడు. కాక శ్రీకాంతన్న చేతిలో పద్నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. తప్పు సగం నాది, సగం ఊరిది అని రాసుకుందామనుకున్నాను. కుదర్లేదు. నా రీలు చూసి నవ్విన పద్నాలుగు మందిని మా ఒక్క గల్లీలోనే లెక్కపెట్టగలను. డప్పు పెట్టింది నేను.

వారం తర్వాత శివమ్మత్త కాక ఇంటికొచ్చింది. కాక పడ్డ మాటల సంగతి ఆమెకు ఎలా తెలిసిందో తెలియదు. మదన్ మోహన్ నోరు జారి ఉంటాడని నా అనుమానం. గడపలోనే నిలబడి అంది, "గింత మాట పడ్తుంటె నాకొక్క మాట చెప్పకపోతివి సారూ."

"నువ్వు హాస్టల్ పిల్లలకు వండాలె గదమ్మా. నీకెందుకు గీ పంచాది?"

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేనట గదా వీడియోలు తీసేటోనివి. ఇగ ఉన్నది ఉన్నట్టు రాయి. నా కొడుకు పేరు గూడ రాయి. వానికొచ్చింది బీమారి, దొంగతనం గాదు."

కాక వద్దన్నాడు. ఆమె వినలేదు. అందుకే ఈ పేర్లన్నీ రాయగలిగాను.

హాలుకు ఇంకా తాళమే ఉంది. రోజూ పొద్దున దాని ముందు నిలబడి నమస్కారం పెట్టి, కౌన్సిలర్ గారు ఎప్పుడొస్తారో తెలుసా అని తాళాన్ని అడిగి, వీడియో పెడుతున్నాను. ఇవాళ్టికి ఇరవై మూడో రోజు. నిన్న శ్రీకాంతన్న ఫోన్ చేశాడు. "ఏందిరా నీ లొల్లి?"

"ఏం లేదన్నా. నాకు గూడ గా బీమారే వచ్చింది. సర్టిఫికెట్ తెమ్మంటవా?"

ఫోన్ పెట్టేశాడు. హోటల్లో మాత్రం నా మీద పరీక్షలు మొదలయ్యాయి. కాలేజీ మానేసినప్పుడే అనుమానం వచ్చిందని ఒకాయన అన్నాడట.

ఇవాళ కాకకు జ్వరం. "నువ్వు పోయిరా. మ్యాచ్ సంగతి చెప్పు, అన్నం సంగతి ఎక్కువ అడగకు," అని పంపాడు. నీలం తలుపు ముందు అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటి మేడ మీద ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు. తీసుకోనీ అనుకున్నాను.

"అన్నా, నేను రాకేష్‌ని. డప్పు వీడియో పెట్టింది నేనే. కాక ఓడింది నా వల్లనే."

టక్.

ఆగమన్నాడు. ఆగాను. వాదించే మొహం కూడా లేదు. లేచి, దండం పెట్టి, చెప్పులేసుకున్నాను. నాలుగడుగులు వేశానో లేదో, వెనక నుంచి మెల్లగా వినిపించింది.

టక్ టక్.

వెనక్కొచ్చి కూర్చుని మ్యాచ్ చెప్పడం మొదలుపెట్టాను.