చివరి క్లిప్పు

ద్రావణాల్లో కరెంటు పారించి కొలిచే ఆ ల్యాబులో ఏ కడ్డీ మాడినా, ఏ గాజు పగిలినా నేరం పీకుడు మేడం నెత్తినే పడేది. ఆవిడతో కలిసి చదివినవాళ్ళు పెద్ద కుర్చీలెక్కి కూర్చున్నారు. ఆవిడ ప్రమోషను మాత్రం "అజాగ్రత్త మనిషి" అన్న ముద్ర తగిలి అక్కడే చతికిలబడింది. ఆవిడ ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. నోరు లేక కాదు, ఆ నోటికి రోజంతా వేరే పని ఉండేది: "పీకెయ్!"

ఎవరు ఏ వైరు తగిలించినా ఆవిడకు పీకించాలి, మళ్ళీ పెట్టించాలి, చివరి క్లిప్పు మాత్రం తన చేత్తో తనే పెట్టాలి. అదీ జబ్బు. ఆవిడ స్నానానికి వెళ్తే తప్ప ఇంట్లో మొగుడు ఫోను చార్జింగుకు పెట్టుకోలేడని చెప్పుకునేవారు. ఓసారి ఆసుపత్రిలో నర్సు ఈసీజీ తీయబోతే, మంచం మీద లేచి కూర్చుని "పీకెయ్యమ్మా, ఆఖరిది నేను పెట్టుకుంటా" అందట.

కొత్తగా చేరిన రీసెర్చి పిల్లకు ఈ పురాణం తెలీదు. మొదటిరోజు మెషీను వేడెక్కనిచ్చి, ముందు దాన్ని నకిలీ సెల్‌తో సరిచూసి, కడ్డీని అద్దంలా పాలిష్ చేసి, గాజు సెల్‌లో పోసిన ద్రావణంలో గాలి బుడగ లేకుండా తట్టి, మూడు క్లిప్పులూ ముచ్చటగా తగిలించింది.

"పీకెయ్!"

"తప్పుందా మేడం?"

"లేదు. పీకెయ్. ఈ తెల్ల క్లిప్పు ఎవరికి?"

"రిఫరెన్సు కడ్డీకి. ఓల్టేజీ ఎంతుందో చూసి చెబుతుంది."

"ఎర్రది?"

"ప్లాటినం తీగకి. కరెంటంతా అదే మోస్తుంది."

"గుర్తుపెట్టుకో. తెల్లది సాక్షి, ఎర్రది కూలి. సాక్షి నెత్తిన మూట పెట్టావో, సాక్ష్యమూ పోతుంది, సాక్షీ పోతాడు."

ఆ పిల్ల చేతిలోంచి ఎర్ర క్లిప్పు లాక్కుని, తనే పెట్టి, వెళ్ళిపోయింది. 'నా చేతులకేం కుష్ఠా?' అని ఆ పిల్ల లోలోపల ఉడికిపోయింది.

వాళ్ళకు పైన డైరెక్టరు ఉన్నాడు. వెనక అందరూ కత్తెర దొర అనేవారు. రిబ్బన్లు కత్తిరించి కత్తిరించి ఆయన వేళ్ళకు ఆ వంపు వచ్చేసింది. ఆయన బుర్రలోంచి ఊడిపడిన ఏకైక ఆవిష్కరణ ల్యాబు గోడమీద బోర్డై వేలాడుతోంది: "చివరి చెయ్యి ఎవరిదో బాధ్యత వారిదే." ఏది పాడైనా విచారణ అక్కర్లేదు. ఆఖరున ముట్టుకున్నవాణ్ణి పట్టుకోవడమే: ఉద్యోగులైతే ప్రమోషను ఆపడం, రీసెర్చి పిల్లలైతే ఏడాదిపాటు మెషీను దగ్గరికి రానివ్వకపోవడం శిక్ష. ఇల్లు కాలితే ఆఖరున గుమ్మం దాటినవాణ్ణి ఉరితీయడం లాంటి న్యాయం. రీసెర్చి పిల్లలకైతే ఏడాది మెషీను లేదంటే సీటు ఊడినట్టే.

కొత్త మెషీను వచ్చింది. రిబ్బను తెగింది. కెమెరాలు చూడగానే దొరగారికి విజ్ఞానం పొంగుకొచ్చింది. కొత్త పిల్ల తయారుచేసి తెచ్చిన సెల్ లాక్కుని, "కనెక్షను నేనిస్తా" అన్నాడు. ఎర్ర క్లిప్పు రిఫరెన్సు కడ్డీకి, తెల్లది ప్లాటినం తీగకి తగిలించాడు.

"పీకెయ్యండి సార్" అంది పీకుడు మేడం.

"నేను ఈ పనిలో తలపండినవాణ్ణమ్మా!"

"తలే పండింది సార్. పీకెయ్యండి."

ఆయన కెమెరా వైపు పళ్ళికిలించి బటను నొక్కాడు. తెరమీద గీత తోక తొక్కిన పిల్లిలా ఎగిరింది. ఎర్ర దీపం వెలిగింది. సాక్షి కడ్డీలో బుడగలు లేచి, దాని ఆయువు తీరింది.

కత్తెర దొర చుట్టూ చూశాడు. ఆయన చూపుకు ఎప్పుడూ చిన్నవాళ్ళే ఆనుతారు.

"ఈ సెల్ తయారుచేసిందెవరు? నువ్వేనా?"

కొత్త పిల్ల అవునన్నట్టు తలూపబోయింది. అప్పుడే పీకుడు మేడం విసవిసా వచ్చి, మెషీను ఆపి, ఎర్ర క్లిప్పు పీకి, మళ్ళీ అదే కడ్డీకి తగిలించింది.

"చివరి చెయ్యి నాది సార్. బోర్డు తమరు రాయించిందే."

దొరగారు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ప్రమోషను మరోసారి అటకెక్కింది. కొత్త పిల్ల బోర్డు వైపు చూసింది, మేడం చేతివైపు చూసింది. ఇన్నాళ్ళూ ప్రతి పిల్ల చేతిలోంచీ ఆఖరి క్లిప్పు ఎందుకు లాక్కునేదో అప్పుడు తలకెక్కింది.

మర్నాడు పాత మెషీను దగ్గర పీకుడు మేడం అలవాటుగా చివరి క్లిప్పు పెట్టింది.

"పీకెయ్యండి మేడం" అంది కొత్త పిల్ల.

ల్యాబులో తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఏమన్నావే?"

"పీకెయ్యండి. ఆఖరిది నేను పెడతా."

"దాని తర్వాత నేను" అన్నాడు వెనకనుంచి సీనియరు. "నా తర్వాత ఎవరూ పెట్టకూడదు" అంటూ ఇంకో అమ్మాయి తోసుకొచ్చింది. చూస్తుండగానే ఆ క్లిప్పుకు బస్సు పాసులకున్నంత వరస తయారైంది. తలుపులో నిలబడిన కత్తెర దొర చివరి చెయ్యి ఎవరిదో ఎంతకీ తేల్చుకోలేక, కత్తెర పోగొట్టుకున్నవాడిలా వెనుదిరిగాడు.

"అందరూ ముట్టుకుంటే లూజైపోతుందర్రా, దద్దమ్మల్లారా!" అని పీకుడు మేడం చిందులు తొక్కింది. కానీ ఆ రోజంతా "పీకెయ్" అనడం మరిచిపోయింది.

మీరు పనిచేసేచోటా అలాంటి బోర్డు ఉండే ఉంటుంది. రాసి లేకపోయినా అమల్లో ఉంటుంది. నిందలన్నీ ఎప్పుడూ ఒక్కరి మీదే పడుతుంటే, "అజాగ్రత్త మనిషి" అని నవ్వే ముందు వెళ్ళి మీ చెయ్యి కూడా వెయ్యండి. ఆ తర్వాత ఆ బోర్డు సంగతి చూడండి. దొరలు కొట్టిన మేకులు అంత లోతుగా దిగవు.

పీకెయ్యండి.