కరుణమ్మ టీచర్ కుడి చెవి

ఈ వేసవిలో రోజూ పొద్దున్నే మా ఇంటి ముందు పుచ్చకాయల లారీ ఆగుతోంది. పైనున్నవాడు కాయ విసురుతాడు, కిందున్నవాడు రెండు చేతులతో పట్టుకుంటాడు. థప్పుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు చెవిన పడగానే నా కళ్లు వాటంతటవే దారిన పోయేవాళ్ల కాళ్ల మీదికి పోతాయి. మొన్న పాల పాకెట్లు తెచ్చే అమ్మాయి గడప మీద కాలు పెట్టబోతుండగా కాయ కిందివాడి చేతిలో పడింది. నేను కాఫీ గ్లాసు పట్టుకునే "ఔట్!" అని అరిచాను. పాపం, ఆ పిల్ల బెదిరిపోయింది. డ్రిల్లు టీచరుగా రిటైరై ఇన్నేళ్లయినా నీకీ పిచ్చి వదల్లేదా అని మా ఆయన నవ్వారు. తప్పు నాది కాదు, కరుణమ్మ టీచర్‌ది.

ఎనభైల మొదట్లో నేను ఆళ్లగడ్డలో మా మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలు చదివాను. మాది రుద్రవరం దగ్గర పల్లె, సేద్యం ఇల్లు. కరుణమ్మ గారు మా డ్రిల్లు టీచర్. సొంతూరు గడివేముల పక్కన. తెల్లచీర కొంగు నడుముకు బిగించి, కింద కాన్వాసు బూట్లు వేసుకునేవారు. చీర కింద బూట్లు తొడిగిన ఆడమనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఎవరు మాట్లాడినా తల ఎడమ వైపు తిప్పి వినేవారు. అదొక దర్జా అనుకుని మా క్లాసు పిల్లలు సగం మంది మెడలు తిప్పడం నేర్చుకున్నారు. నేనూ కొన్నాళ్లు తిప్పాను. మా అత్త మెడ పట్టేసిందనుకుని ఆముదం రాసింది.

ఆవిడ మా చేత సాఫ్ట్‌బాల్ ఆడించేవారు. ఆట చూడనివాళ్ల కోసం చెబుతాను. బంతిని బ్యాటుతో కొట్టి పరుగెత్తాలి. నాలుగు మూలల్లో నాలుగు బేసులు, అన్నీ చుట్టి వస్తే ఒక రన్. కొట్టిన అమ్మాయి కాలు మొదటి బేసును తాకకముందే, అక్కడ నిలబడ్డ అమ్మాయి గ్లౌజులో బంతి పడితే ఔట్. మా బేసులు ఇసుక నింపిన గోనెసంచులు. గ్లౌజులు బడి మొత్తానికి నాలుగే. మిగతావాళ్లు ఉత్త చేతులతో పట్టి, అరచేతులు ఊదుకుంటూ ఆడేవాళ్లు.

నేను కబడ్డీ నుంచి వచ్చినదాన్ని. మొదటిరోజు ఒక పిల్ల బంతితో నన్ను అంటి ఔట్ చేయడానికి ఎదురొస్తే, ఒడుపుగా తప్పించుకుని, నీళ్ల కొళాయి చుట్టూ తిరిగి వచ్చి రెండో బేసు మీద రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. కరుణమ్మ టీచర్ నింపాదిగా నా దగ్గరికి వచ్చారు.

"యాడికి పోయింటివి మే?"

"ఈడికే టీచర్, రెండో బేసుకు."

"రుద్రవరం మీద పోయి వచ్చినావా?"

పిల్లలంతా కడుపుబ్బ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా బూటు కాలితో మట్టిలో ఒక గీత గీశారు. "బంతితో నిన్ను అంటను వచ్చినప్పుడు నువ్వు యాడుంటావో, ఆడ్నుంచి బేసుకు తిన్నగా ఇట్ల గీత ఉండాదనుకో. ఈపక్క మూడడుగులు, ఆపక్క మూడడుగులు నీవి. తప్పించుకోను అంతకంటే పక్కకు పోతే ఔటే."

"ఆట్లో ఈ గీత ఉండదు కదా టీచర్, ఎవరికి కనపడుతుంది?"

"నాకు కనపడుతుంది. పో, బయట కూచో."

పదో తరగతిలో నా చీలమండ బెణికింది. ఊరికే కూర్చోనివ్వకుండా ఆవిడ నన్ను మొదటి బేసు పక్కన అంపైరుగా నిలబెట్టారు. "కండ్లు కాలి మీద పెట్టు, చెవి గ్లౌజు మీద పెట్టు. రెండూ బంతి మీదనే పెడితే నీకేమీ తెలీదు," అన్నారు. చెప్పినంత సులువు కాదది. రెండోరోజు నా ప్రాణ స్నేహితురాలు షంషాద్ పరుగెత్తుకొచ్చింది. అది పెట్టిన జామకాయ సగం అప్పటికింకా నా నోట్లోనే ఉంది. సేఫ్ అని చేతులు చాచేశాను.

టీచర్ దూరం నుంచే అడిగారు. "ఏం ఇన్యావ్?"

నాకు వినపడింది నేను జామకాయ నమిలిన చప్పుడే. "గ్లౌజు సప్పుడు తర్వాత వచ్చింది టీచర్," అని దబాయించాను.

"ఇనపడకపోతే ఇనపడలేదను. అబద్ధం చెప్పద్దు," అన్నారు ఆవిడ. కోపం లేదు ఆ గొంతులో. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆరోజు నుంచి నెల రోజులు చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. కాలు నయమయ్యేసరికి పరుగెత్తేటప్పుడు కూడా గ్లౌజు చప్పుడు వినడం అలవాటైపోయింది.

ఆ అలవాటే నా కొంప ముంచింది. నంద్యాల జట్టుతో వాళ్ల ఊళ్లోనే మ్యాచ్. గెలిచినవాళ్లు కర్నూలుకు, జిల్లా పోటీలకు. నేను నంద్యాల దాటి ఎరగను. "గెలిస్తే పో," అన్నాడు మా నాయన. ఆయన నోట ఆ మాట రావడమే గగనం. రావలసిన అంపైరు రాలేదు. మా టీచర్‌నే నిలబడమని నంద్యాల టీచరే అడిగింది. ఆవిడ మాట మీద అంత నమ్మకం.

బ్యాటు పట్టే ఆఖరి వంతు మాది. రన్లు సమానం. మావాళ్లు ఇద్దరు ఔట్, మూడో ఔట్ పడితే మా వంతు అయిపోతుంది, అప్పుడు వచ్చే రన్ లెక్కలోకి రాదు. షంషాద్ మూడో బేసు మీదుంది. నేను కొట్టి మొదటి బేసు చేరితే, అది చివరి బేసు తొక్కి రన్ తెస్తుంది, మేం గెలుస్తాం. కొట్టాను. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తాను. గోనెసంచి మీద నా కాలు పడింది. దానికి ఒక రవ్వ ముందు, థప్పుమని వినపడింది.

టీచర్ కుడి పక్కనే జనం ఈలలు, కేకలు. ఆవిడ చేయి సగం లేచి ఆగిపోయింది. మొహంలో రంగు లేదు. నా వైపు చూశారు.

"ఏం ఇన్యావ్ మే?"

షంషాద్ అప్పటికే ఎగిరి గంతులేస్తోంది. కర్నూలు నా కాలి కిందే ఉంది. జామకాయ గుర్తొచ్చింది.

"ముందు గ్లౌజే టీచర్."

ఔటయ్యాను. ఆట పొడిగించారు, ఒక్క రన్నుతో ఓడిపోయాం. తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. షంషాద్ అయితే కిటికీలోంచి బయటికి చూస్తూ ముక్కు ఎగబీల్చింది. కాసేపటికి కరుణమ్మ టీచర్ వచ్చి, నన్ను లేపి, తన కుడి పక్కకు మార్చుకుని కూర్చున్నారు.

"రెండేండ్ల నుంచి ఎడమ చెవి ఇనపడదు నాకు. ఎవరికీ చెప్పలే, సిగ్గయి. ఈపొద్దు కుడి చెవిలో ఆ గోల. ఇనపడకపోతే సేఫ్ అనాల. ఔటని తెలిస్తేనే ఔట్. పరుగెత్తేదాన్ని అడగకూడదు పాపా. తీర్పు నాది, తీసుకపోయి నీ నెత్తిన పెట్టినా. తప్పు నాదే."

ఒక టీచర్ నాతో తప్పు నాదే అనడం అదే మొదటిసారి. ఓడినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మర్నాడు జట్టునంతా నిలబెట్టి, చెవి సంగతి మొదలు అన్నీ మళ్లీ చెప్పారు. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. మెడలు తిప్పడం ఆరోజుతో మానేశారు.

వారానికి టీచర్ మా ఊరికే వచ్చారు. జిల్లా పోటీల్లో ఆవిడకు అంపైరు పని. మొదటి బేసు దగ్గర నన్ను నిలబెట్టుకుంటానని మా నాయనను అడిగారు.

"గెలిస్తే పొమ్మన్యా గదా టీచరమ్మా. ఓడిపోయి ఎట్ల పోతాది?"

"నాకు గెల్చినోళ్లు వద్దన్నా. చెవి కావల్ల."

మా నాయన నవ్వేశాడు. అలా కర్నూలు చూశాను. ప్రతి ఆటకు ముందు టీచర్ రెండు జట్లనూ పిలిచి, "నాకు ఎడమ చెవి ఇనపడదు. ఆ బేసు కాడ ఈ పాప చెప్పిందే తీర్పు," అనేవారు, సిగ్గుపడకుండా, హాయిగా. షంషాద్ మాత్రం నేను తెచ్చిన గాజులు చేతికి తొడుక్కున్నాకే నాతో మాట్లాడింది.

కరుణమ్మ టీచర్ ఇప్పుడు లేరు. పోయిన చలికాలంలో ఇక్కడి బడి పిల్లల ఆటకు నన్ను అంపైరుగా పిలిచారు. ఒక బక్కపిల్ల మొదటి బేసుకు పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే గోడవతల లారీ హారను కొట్టింది. కాలు చూశాను. చప్పుడు వినపడలేదు. "నాకు ఇనపడలే. సేఫ్!" అని రెండు చేతులూ చాచాను. అవతలి జట్టు గొణిగింది, గొణగనీ. ఆ పిల్ల మెల్లగా నా దగ్గరికి వచ్చి, పెదవి కొరుక్కుంటూ, "టీచర్, నాకు ఇనపడింది. నేను..." అని మొదలుపెట్టింది.

దాని తల నిమిరాను.

"నిన్నెవరు అడిగినారు మే? పో, పోయి బేసు మీద నిలబడు."