అర నిమిషం నూకరాజు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు గోరంతను కొండంత చేసే జబ్బు ఉంది. మొన్న మధురవాడలో రక్తపరీక్షకు వెళ్తే నర్సమ్మ నా మోచేతికి స్పిరిట్ రాసింది. ఆ వాసన తగలగానే సూదినీ, షుగరునీ మరిచిపోయి, తొంభైల్లోని మద్దిలపాలెం మేడమీది కేబుల్ టీవీ గదిలో పడ్డాను. అక్కడ నా ఉద్యోగం స్పిరిట్‌తో టేపులాడించే వీసీఆర్ హెడ్డు తుడవడం. యజమాని నూకరాజుగారు. జాలరి కుటుంబం. గుమ్మం పట్టనంత మనిషి, గొంతు గదికే పట్టేది కాదు.

వారం వారం పాటల కార్యక్రమం టేపు బస్సులో వచ్చేది. ఒకటే టేపు. బెజవాడ చూసి, రాజమండ్రి చూసి, మాకు పంపేవారు. మేము చూసి శ్రీకాకుళం పంపాలి. మా దాకా వచ్చేసరికి హీరోయిన్ మొహం మీద పండు ముసలిదానికి కూడా ఉండనన్ని గీతలు! మాకంటే ముందు చూసిన బెజవాడ మీద నాకు కడుపుమంట. అయితే అసలు మంట నూకరాజుగారి మీద. ప్రతి టేపులోనూ ఏ ఊరి మాట ఆ ఊరు ఎక్కించుకోమని అర నిమిషం ఖాళీ వదిలేవారు. ఆ ఖాళీ ఆయనది. "బావా, ఏటి సేత్తన్నావ్?" అని ఊరంతటినీ పలకరించి, ఒడ్డుకి చేరిన బోట్ల పేర్లు గడగడా చదివేసేవారు. పూర్ణా మార్కెట్లో ఆయనకి టీ ఊరికే పోసేవారు. నా గోదావరి తెలుగుకి, నా గంభీర కంఠానికి ఊరికే నీళ్లు కూడా ఇచ్చేవారు కాదు.

ఒక ఆదివారం ఆయన గొంతు పోయింది. చేపల వేలంలో సింహాచలం కొండ బీటలు వారేలా అరిచారట. ఆ అర నిమిషం నేనే ఎక్కించాను. "రసజ్ఞులైన విశాఖ ప్రేక్షక మహాశయులకు..." అంటూ మొదలుపెట్టి, నమస్కారం దగ్గరికి వచ్చేసరికి సమయం అయిపోయింది. సాయంత్రం ప్రసారంలో అది రాగానే ఫోను మోగింది. ఎవరో ముసలావిడ.

"బాబూ, మావోడి బోటొచ్చీసిందా నేదా? సెప్పనేదేటి?"

నూకరాజుగారు ఫోను లాక్కుని, "వచ్చీసింది అప్పా, నాను సూసినాను. బువ్వ తిను" అని, పదకొండు బోట్ల పేర్లూ వీధి చివరిదాకా వినిపించేలా చెప్పారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఏటోయ్ గోదారీ, తెలుగు బాగా సెప్పినావు. పాటలు అన్ని ఊళ్లయీ. ఈ అర నిమిషమే మనది. అందులో మన ఊరేదోయ్?"

తిట్టి ఉంటే బాగుండేది. పై వారం మైకు నా ముందుకు జరిపి, "సగం నువ్వు, సగం నాను. బోట్లు మాత్రం నావి" అన్నారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనేం రాసినా, అయ్యాక ఒకసారి అందులో బోట్లు ఉన్నాయా అని వెతుక్కుంటాను. లేకపోతే చింపేస్తాను. ఆయన మీద అసూయ మాత్రం ఇంకా చావలేదు.

గొంతు పోయిన మనిషి వీధి చివరిదాకా వినిపించేలా ఎలా చెప్పాడని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. నేను కల్పించింది అదొక్కటే. ఆయన గొంతు ఏమీ పోలేదు. ఆ ఉదయం ఆయన బోట్ల పేర్లన్నీ ఎక్కించి టీకి వెళ్లారు. దాని మీద నా గొంతు ఎక్కించింది నేనే. ఆ సంగతి ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.