పక్కదాని క్లిక్కర్

వెదురు విల్లు పట్టుకున్నంత కాలం మా గ్రౌండులో నన్ను మించిన ఆడపిల్ల లేదు. గొప్పకు చెప్పడం లేదు, అప్పట్లో అనంతపురంలో బాణాలు వేసే ఆడపిల్లలే వేళ్ళ మీద లెక్క. వెదురు విల్లుతో బాణం ఎప్పుడు వదలాలన్నది నా ఇష్టం. గురి కుదిరిందనిపిస్తే వదిలేసేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాకు ఒలింపిక్స్‌లో వాడే రకం రికర్వ్ విల్లులు వచ్చాయి. వాటితోపాటే క్లిక్కరూ వచ్చిపడింది. విల్లు పిడికి బిగించిన సన్నటి రేకు అది. బాణాన్ని దాని కింద పెట్టి లాగాలి. మొన దాటగానే రేకు పిడికి తగిలి టిక్కుమంటుంది, అప్పుడే వదలాలి. ప్రతిసారీ ఒకే పొడవు లాగడానికి ఈ ఏర్పాటు. చెప్పడానికి ఇంతే. నాకు మాత్రం ఆఖరి వెంట్రుకవాసి దగ్గర చెయ్యి మొరాయించేది. టిక్కు ఎప్పుడొస్తుందా అని మొన వంక దొంగచూపులు చూసేదాన్ని. ఇంతలో భుజం వణికేది, గురి చెదిరేది.

మడకశిర నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల ఒకతి మాతోపాటే నేర్చుకునేది. నాకంటే చిన్నది. వాళ్ళ నాయనకు గొర్రెలున్నాయి. వెదురు విల్లుతో గడ్డి బోర్డును తాకించడమే ఆమెకు గగనంగా ఉండేది. అలాంటిదానికి క్లిక్కర్ వారం తిరక్కుండా లొంగిపోయింది. లాగడం, టిక్కు, బాణం పోయి బోర్డు నట్టనడుమ పసుపు రంగులో దిగడం. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆమె కన్నడం కలిసిన మాట, నూనె కారే జడ, అన్నీ తప్పుగానే కనిపించేవి. మాకు నేర్పే సార్ ఆమె వెనక నిలబడి, మమ్మల్నందర్నీ పిలిచి చూడమనేవాడు. నేను పంతానికి తల తిప్పుకునేదాన్ని. చెవులను తిప్పుకోలేను కదా.

ఒకరోజు అడక్కుండానే సలహా ఇచ్చింది. "యోచన చేయద్దక్కా. వీపు బిగించి లాగుతానే ఉండు, అదే కొడ్తాది."

నాకు తెలుసులే అన్నాను. ఇంటికెళ్ళి తలుపేసుకుని, ఉత్త చేతులతో ఆమె చెప్పినట్టే లాగి చూసుకున్నాను. చెప్పింది నిజమే కావడం మరీ కడుపుమంట.

మెల్లగా నాకూ టిక్కు పడసాగింది. కానీ లైనులో మా ఇద్దరివీ పక్కపక్క చోట్లు. విల్లెత్తితే చాలు, నా చెవి అటే పోయేది. ఆమెది ముందు కొట్టిందా, నాది ముందు కొట్టిందా అని.

స్టేట్ మీట్‌కు జిల్లా నుంచి రికర్వ్‌లో ఒక్క అమ్మాయినే పంపుతారన్నారు. సెలక్షన్ రోజు గాలి ఎర్రమట్టిని లేపి కళ్ళలో కొడుతోంది. అయినా ఆఖరి బాణం దాకా నేనే ముందున్నాను. ఆ బాణం కాస్త బాగా పడితే స్టేట్ మీట్‌కు పోయేది నేనే. ఇద్దరం ఒకేసారి లాగాం. వీపు బిగించాను. లాగుతూనే ఉన్నాను. టిక్కుమంది, వదిలేశాను.

బాణం బోర్డుకు ముందే మట్టిలో పడింది. ఆమెది పసుపులో దిగింది.

సార్ నా వెనకే ఉన్నాడు. "ఏం పాపా, క్లిక్కర్ కొట్టకముందే వదిలినావే?"

కొట్టింది సార్ అన్నాను.

"కొట్టింది ఆ పాపది" అన్నాడు.

సొంత క్లిక్కర్ మాట వినడానికి నెలలు పట్టిన నా చెయ్యి, ఆమెది టిక్కుమనగానే బాణాన్ని విడిచిపెట్టింది. చెట్టు కింద కూర్చుని విల్లు విప్పుతుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. సంతోషం దాచుకోవడం కూడా చేతకాని మొహం. దగ్గర దగ్గర నిలబడితే అట్లా అవుతుందని నన్ను ఓదార్చబోయింది. ఆ ఓదార్పు నాకు అక్కర్లేదు. ఒక్కటి మాత్రం తెలుసుకోవాలనిపించింది.

"నాది నీకెప్పుడన్నా వినపడిందా?" అని అడిగాను.

నా విల్లు మీది రేకు వంక చూసింది.

"లేదక్కా" అంది. "ఎప్పుడూ వినపల్లేదు."